ఆదివారం ఆయా

ఆదోని పత్తి అంగడిలో రంగనాయకులు శెట్టి వేళ్లకు మంచి పేరుండేది. బస్తాలోంచి చిటికెడు దూది లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండుసార్లు సాగదీసి, అది ఏ ఊరి రేగడిలో పండిందో, ఎన్ని వానలు తిన్నదో చెప్పేవాడు. పదిసార్లు చెబితే ఎనిమిదిసార్లు నిజమయ్యేది. తప్పిన రెండుసార్లనూ ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. ఆయనైతే అసలే పెట్టుకోలేదు. దాంతో దూదిని పట్టి చూసినట్టే మనిషినీ పట్టి చూడవచ్చని ఆయనకొక నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం తనను ఎన్ని తిప్పలు పెట్టిందో తర్వాతి కాలంలో ఆయనే అందరికీ చెప్పి, వినేవాళ్లకంటే ముందు తానే నవ్వేవాడు.

ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసిన మరుసటి ఏడు ఆయనకు కూతురు పుట్టింది. పెళ్లయిన పద్నాలుగేళ్లకు. తన అవ్వ పేరే, కన్యకమ్మ అని పెట్టుకుని, వీధి పొడవునా చక్కెర పంచాడు. పంచడంతో తన పని అయిపోయిందనుకున్నాడు.

భార్య ఉమాదేవికి కాన్పు తర్వాత పట్టుకున్న జ్వరం నెలన్నర వదల్లేదు. జ్వరం పోయాక నడుము నిలవలేదు. ఆరు నెలలు బరువెత్తకూడదన్నాడు డాక్టరు. బిడ్డ కూడా బరువేనా అని ఉమాదేవి అడిగితే, నీకిప్పుడు నీళ్ల చెంబు కూడా బరువేనమ్మా అన్నాడు. ఆమెకు తల్లి లేదు. పురుటికి వచ్చిన ఆడపడుచు కోడుమూరులో తన సంసారం తాను చూసుకోవాలి కదా, వెళ్లిపోయింది. ఇక మిగిలింది రంగనాయకులు తల్లి తులసమ్మ. ఆమెకు మోకాళ్ల నొప్పులు, వాటికి తోడు మడి. మనవరాలు ఒళ్లో తడిపినప్పుడల్లా బావి దగ్గరికి పోయి నీళ్లు పోసుకునేది.

"ఈ బిడ్డ నాతో దినానికి ఏడు స్నానాలు చేపిస్తాంది. కాశీకి పోయినా ఇన్ని మునకలు వేసుండను," అంది ఒకరోజు తల తుడుచుకుంటూ.

అప్పుడు రంగనాయకులుకు మద్రాసు గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట వ్యాపారం పనిమీద పోయినప్పుడు సముద్రం ఒడ్డున ఒక ఆయాను చూశాడు. మల్లెపువ్వులాంటి తెల్లచీర, నిండు చేతుల రవిక, పక్కన ఇద్దరు పిల్లలు. ఆ పిల్లలు కూడా ఇస్త్రీ చేసినట్టు నడుస్తున్నారు. అట్లాంటి మనిషి తన వాకిట్లో తిరుగుతుంటే ఎట్లుంటుందో ఊహించుకున్నాడు. ఊహలో బిడ్డకంటే వాకిలే ఎక్కువ కనిపించిందని తర్వాత ఒప్పుకున్నాడు.

మరునాడే అంగడిలో కాస్త గట్టిగా చెప్పాడు: "మా ఇంట్లో ఆయాను పెడతాండాను." పక్క మండీవాళ్లు వినలేదేమోనని ఇంకోసారి చెప్పాడు.

తెల్ల కాగితం మీద పదకొండు ప్రశ్నలు రాసుకున్నాడు. వయసెంత, దగ్గుందా, జోలపాటలు ఎన్ని వచ్చు, నిద్ర గాఢమా పలుచనా, ఇట్లా. ఉమాదేవి మంచంలోంచి ఆ కాగితం తెప్పించుకుని చదివింది.

"బిడ్డంటే ఇష్టమా అని అడగల్యా?" అంది.

"అది అడిగితే ఎవరైనా అవుననే అంటారు. అడిగి ఏం లాభం," అన్నాడు ఆయన. తనకు ఆ ప్రశ్న తోచలేదని మాత్రం అనలేదు.

మొదట చిప్పగిరి నుంచి ఈరమ్మ అనే ఆమె వచ్చింది. ఆరుగురు పిల్లల్ని కని, ఆరుగురినీ బతికించుకున్న మనిషి. రంగనాయకులు కాగితం విప్పి, కళ్లద్దాలు పెట్టుకుని మొదలుపెట్టాడు. ఐదో ప్రశ్న దగ్గర చిక్కొచ్చింది.

"బిడ్డ ఏడిస్తే ఏం చేస్తావు?"

"ఎత్తుకుంటాను."

"ఎత్తుకున్నా ఏడిస్తే?"

"దించుతాను."

"దించినా ఏడిస్తే?"

"మీకిస్తాను," అని ఈరమ్మ లేచి కొంగు దులుపుకుంది. "నా పెండ్లిసూపుల్లో గూడ ఇన్ని అడగలేదప్పా."

మనిషిలో అణకువ లేదని తేల్చి పంపేశాడు. రెండో ఆమె మద్దికెర లింగమ్మ. పదకొండు ప్రశ్నలకూ ఆయనకు కావలసిన జవాబులే చెప్పింది. చూశారా నా పరీక్ష అని రంగనాయకులు మురిసిపోయాడు. మూడో రోజు తెల్లవారేసరికి లింగమ్మ లేదు, ఆమె మూటా లేదు. పక్కింటివాళ్లతో చెప్పి పోయిందట: "బిడ్డతో ఏం బాధ లేదమ్మా. ఆయప్పతోనే. గంటకొకతూరి అంగడి నుంచి లగెత్తుకొచ్చి, నేను ఎట్ల ఎత్తుకున్న్యానో సూసి పోతాండాడు. బిడ్డకంటే ఆయప్పను సాకేదే కష్టం."

అంగడికి ఈ మాట ఆయనకంటే ముందే చేరింది. అప్పుడు హమాలీల మేస్త్రీ సుబ్బన్న దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "శెట్టప్పా, ఎమ్మిగనూరులో కృపమ్మ అని ఉంది. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ బిడ్డల్ను తొమ్మిదేండ్లు సాకింది. ఆ దొరసాని వాళ్ల దేశానికి ఎల్లిపాయ. ఇప్పుడు ఇంటికాడే ఉంది. వస్తాదో రాదో తెల్దు. మీరే పోయి అడగండి."

తొమ్మిదేళ్లు దొరల బిడ్డల్ని పెంచిన మనిషి అనగానే రంగనాయకులు కళ్ల ముందు మద్రాసు తెల్లచీర మెరిసింది. ఎండాకాలమైనా కోటు వేసుకుని బస్సెక్కాడు. ఎమ్మిగనూరులో దిగేటప్పటికి కోటు రంగేమిటో చెప్పడం కష్టమైంది.

సాలెవాళ్ల వీధి దాటి, చర్చి వెనక ఉన్న పేటలో కృపమ్మ ఇల్లు. యాభై ఏళ్ల పొడుగాటి మనిషి, వెలిసిపోయిన నీలి నేతచీర. గడప ముందు కూర్చుని రాట్నం మీద మగ్గాలకు నూలు కండెలు చుడుతోంది. మద్రాసు ఆయాకూ ఈమెకూ పోలిక ఇద్దరూ చీర కట్టుకోవడంలోనే ఉంది. విషయం చెబితే విని, ఆయనకొక మంచం వాల్చి, మళ్లీ రాట్నం ముందు కూర్చుంది.

రంగనాయకులు కాగితం తీశాడు. మూడు ప్రశ్నలకు ఆమె రాట్నం ఆపకుండానే జవాబు చెప్పింది. నాలుగోది చదవబోతుంటే చెయ్యి ఆపింది.

"మిగిలినవి తర్వాత అడుగుదురు. నేను గూడ రెండు మాటలు అడగనా అప్పా?"

"అడుగు."

"బిడ్డకు ఎన్ని నెలలు?"

"నాలుగు. ఐదుండచ్చు."

"బోర్లా పడిందా?"

ఆయనకు తెలియదు.

"ఆకలికి ఏడిస్తే ఎట్ల ఏడుస్తాది, నిద్రకు ఏడిస్తే ఎట్ల ఏడుస్తాది?"

రెండు ఏడుపులున్నాయనే సంగతి ఆయన వినడం అదే మొదలు.

"మీరు ఎప్పుడన్నా ఎత్తుకున్న్యారా?"

"పేరు పెట్టిన దినం ఒళ్లో పెట్టినారు," అన్నాడు రంగనాయకులు. ఆ ఒళ్లో పెట్టినప్పుడు కూడా పట్టుపంచె తడుస్తుందేమోనని చూపంతా పంచె మీదే ఉండిందని గుర్తొచ్చి, ఆ ముక్క దాచుకున్నాడు.

కృపమ్మ కాసేపు ఆయన్ని చూసింది. చిటికెడు దూది లాగి సాగదీసి చూసే చూపు అది. ఆ చూపు తెలిసినవాడు కాబట్టే ఆయనకు చెమట్లు పట్టాయి. పరీక్ష తప్పిన సరుకు ఎట్లుంటుందో ఆయనకు తెలుసు.

"వస్తాను," అంది చివరికి. "బిడ్డ నడిసేదంక ఉంటాను. మూడు మాటలు ఒప్పుకోవాల. ఆదివారం పొద్దున్నుంచి పన్నెండు దాకా నేను చర్చికి పోతాను, ఆ పొద్దు మీ బిడ్డ మీదే. నన్ను ఏయ్ అని పిలవగూడదు, నాకు పేరుంది. ఇంగొకటి. మేము ఏసయ్యను నమ్మినోళ్లం, మీ ఇండ్లల్లో మడి ఉంటాది, నాకు తెలుసు. మీ దేవుడింట్లోకి నాకేం పని? ఐతే బిడ్డ పాకి పొయ్యికాడికి పోయిందనుకో, నేను గడపకాడ నిలబడి ఎవరన్నా రాండమ్మా అని కేకలేస్తా ఉండలేను. లోపలికి పోతాను."

మూడింటికీ రంగనాయకులు తలూపాడు. జీతం మాట ఒక్క నిమిషంలో తేలిపోయింది. తిరుగు బస్సు ఆదోని చేరేలోపల జరిగిన కథ ఆయన మనసులో మెల్లగా మలుపు తిరిగింది. మరునాడు అంగడిలో, "నాలుగు ప్రశ్నలతో తేల్చేసినా. మనిషిని చూస్తానే తెలిసిపోతాది," అన్నాడు.

ఇంట్లో అంత సులువుగా లేదు. తల్లి ముందు నోరు పెగల్లేదు. ఆస్పత్రిలో పనిచేసిన మనిషన్నాడు, శుభ్రమన్నాడు, పేరు అడిగేసరికి కృష్ణమ్మ అన్నాడు. మద్రాసు చూసొచ్చిన తన నాగరికత వంటింటి గడప దాకా కూడా రాలేదని, నడవలోనే ఊపిరి ఆగి పడిపోయిందని తర్వాత ఆయనే చెప్పుకునేవాడు.

సోమవారం పొద్దున కృపమ్మ వచ్చింది. తులసమ్మ అరుగు మీద కూర్చుని ఎగాదిగా చూసింది.

"కృష్ణమ్మంటే నువ్వేనా?"

కృపమ్మ రంగనాయకులు వైపు చూసింది. ఆయన దూలాలు లెక్కపెడుతున్నాడు.

"నా పేరు కృపమ్మ తల్లీ. మేము చర్చికి పోయేవాళ్లం. సావుకారప్పకు సెప్పేకి నోరు రాలేదేమో."

తులసమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఇంగేమేం ఒప్పుకోని వస్తివిరా?" అంది. ఆదివారం మాటా, పేరు మాటా, వంటింటి మాటా ఒక్కొక్కటీ ఆయన నోట్లోంచి పీకిన పళ్లలా బయటికొచ్చాయి. లోపల బిడ్డ ఏడుస్తోంది. కృపమ్మ చెవి ఒగ్గి విని, "అది ఆకలి గాదు, కడుపులో గాలి," అంది. తులసమ్మ పక్కకు జరిగి దారిచ్చింది. కృపమ్మ బిడ్డను భుజాన వేసుకుని వీపు మీద నాలుగుసార్లు రుద్దితే, ఇల్లంతా వినపడేలా ఒక తేన్పు వచ్చింది. పది రోజులుగా ఇంట్లో వినపడని నిశ్శబ్దం దాని వెనకే వచ్చింది. మంచంలోంచి ఉమాదేవి, "ఆయమ్మను ఉండనీ అత్తా," అంది.

తులసమ్మ ఉండనిచ్చింది. అయితే ఆమె కొడుకులా పారిపోయే మనిషి కాదు. సాయంత్రానికల్లా వడ్రంగిని పిలిపించి, వంటింటి గడపకు మోకాలెత్తు చెక్క అడ్డం కొట్టించింది. "బిడ్డ లోపలికి పాకదు. బిడ్డ పాకకుంటే నువ్వూ పోయే పని లేదు. నా మాటా నిలిస్తాది, వీడు నీకిచ్చిన మాటా నిలిస్తాది," అంది.

కృపమ్మ ఆ చెక్కను చేత్తో ఊపి చూసింది. "గట్టిగానే ఉంది. బిడ్డకు మంచిదేలే," అంది. ఆ గొంతులో ఏముందో రంగనాయకులు ఆలోచించబోయాడు. ఆలోచిస్తూ భోజనానికి పోతూ ఆ చెక్క తగిలి, వంటింట్లోకి బోర్లా పడ్డాడు. పుట్టినప్పటి నుంచి బిడ్డ పెద్దగా నవ్వడం అదే మొదటిసారి.

ఆరు రోజులు హాయిగా గడిచాయి. ఏడో రోజు ఆదివారం. కృపమ్మ ఉతికిన చీర కట్టుకుని, పాటల పుస్తకం చంకన పెట్టుకుని, వాకిట్లో పేపరు చదువుకుంటున్న రంగనాయకులు ముందు నిలబడింది.

"అప్పా, పట్టుకోండి."

"అమ్మ ఉంది కదా."

"అమ్మ మడిలో ఉంది. ఉమమ్మ ఎత్తగూడదు. మెడకింద చెయ్యి పెట్టండి. ఆ చెయ్యి గాదు, ఇంగో చెయ్యి." అని బిడ్డను అప్పగించి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

పావుగంట ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అంత దగ్గరగా కూతురి ముఖం ఆయన ఎప్పుడూ చూడలేదు. కనుబొమలు తనవే, కాస్త అనుమానంగా పైకి లేచినవి. సరుకు చూసే ముఖమే. ఆ పరీక్షలో కూడా తాను నెగ్గలేదని పావుగంట తర్వాత తెలిసింది. బిడ్డ ఏడుపు అందుకుంది. ఊపాడు. చిటికెలు వేశాడు. అంగడిలో వేలంపాట పాడినట్టు ఏదో పాడాడు. ఇంకా ఎక్కువ ఏడ్చింది. వీధిలో నడిస్తే కాస్త తగ్గుతోంది, ఆగితే హెచ్చుతోంది. కోటు లేకుండా ఎన్నడూ గడప దాటని మనిషి, బనీను మీదే, తడిసిన పంచెతో, వీధి ఈ కొస నుంచి ఆ కొసకు నాలుగుసార్లు తిరిగాడు. ఐదోసారి కాళ్లే తీసుకుపోయాయి. ఆదోని చర్చి గోడ దగ్గర తేలాడు.

లోపల కీర్తన పాడుతున్నారు. బిడ్డ టక్కున ఏడుపు ఆపింది. వారం రోజులుగా కృపమ్మ ఉయ్యాల ఊపుతూ తీసే రాగం అదే. రంగనాయకులు గోడ నీడలో నిలబడిపోయాడు. కదిలితే బిడ్డ ఏడుస్తుంది, నిలబడితే ఊరు చూస్తుంది. నూనెగింజల వ్యాపారి గురురాజ సైకిలు మీద పోతూ బ్రేకు వేశాడు.

"ఏమప్పా రంగనాయకులూ, మతం గిన మారుతాండావా?"

"మతం గాదప్పా, చెయ్యి మార్చుకునేకి వచ్చినా. నొప్పి పుడతాంది."

ఆరాధన ముగిసి జనం బయటికొచ్చారు. కృపమ్మ కనిపించగానే రంగనాయకులు రెండు చేతులూ చాచి బిడ్డను ముందుకు పట్టాడు. ఆమె బిడ్డ బుగ్గ తట్టింది. "ఇంగా పన్నెండు కాలేదప్పా," అని, చెట్టు కింద ఆడవాళ్లతో మాట్లాడడానికి వెళ్లిపోయింది. ఆయన అక్కడే నిలబడ్డాడు. అంతమంది మధ్య కోపం తెచ్చుకుందామని చూశాడు. చేతుల్లో బిడ్డ ఉంటే కోపం సరిగా రాదని ఆ రోజు తెలిసింది.

సోమవారం అంగడిలో ఆయనకు కొత్త పేరు సిద్ధంగా ఉంది. ఆదివారం ఆయా. మొదట ముఖం మాడ్చుకున్నాడు. నాలుగో ఆదివారం నాటికి, "ఏమప్పా ఆయా, డ్యూటీకి పోతాండావా?" అని ఎవరైనా అంటే, "పోతాండా, ఆలస్యమైతే మా మేస్త్రీ ఊరుకోదు," అనేవాడు. మేస్త్రీ అంటే కృపమ్మో కన్యకమ్మో ఎవరూ అడగలేదు. ఆకలి ఏడుపుకూ నిద్ర ఏడుపుకూ తేడా ఆయనకు రెండు నెలల్లో పట్టుబడింది. పదిసార్లలో ఎనిమిదిసార్లు కాదు, ఆరుసార్లు చెప్పగలిగేవాడు. తప్పిన నాలుగూ ఇప్పుడు గుర్తుండేవి.

ఉమాదేవి లేచి తిరగసాగింది. పద్నాలుగో నెలలో కన్యకమ్మ అరుగు నుంచి బావి దాకా నడిచింది. అదే వారం ఎమ్మిగనూరు నుంచి కబురొచ్చింది, కృపమ్మ కూతురు మరియమ్మకు నెలలు నిండాయని. కృపమ్మ మూట కట్టుకుంది. తులసమ్మ గడప దగ్గర నిలబడి, బాలింతకని శొంఠీ బెల్లమూ కొంగులో వేసింది, చెయ్యి తగలకుండా, కాస్త ఎత్తు నుంచి. కృపమ్మ కొంగు పట్టి తీసుకుంది. అదే వాళ్లిద్దరి వీడ్కోలు. రెండు రోజులు కన్యకమ్మ ప్రతి గదిలోనూ వెతికింది.

రెండు నెలలు చూసి రంగనాయకులు కూతుర్ని ఎత్తుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాడు. ఈసారి కోటు లేదు. కృపమ్మ ఒళ్లో మనవడున్నాడు. కన్యకమ్మ పరిగెత్తి ఆ ఒళ్లోనే ఇంకో పక్క చోటు చేసుకుంది.

"రాలేనప్పా," అంది కృపమ్మ, ఆయన అడగకముందే. "మరియమ్మ కూలికి పోవాల. వీన్ని ఎవరు సూస్తారు? మీకు ఆయా దొరుకుతాది. నా కూతురికి నేనే దొరకాల."

కృపమ్మ లేచి ఒక ఇత్తడి గ్లాసులో మజ్జిగ తెచ్చి కన్యకమ్మకు తాపింది. ఎండలో వచ్చిన మనిషి కదా, ఇంకో గ్లాసు ఆయన వైపు చాపింది. ఆయన చెయ్యి లేవలేదు. ఆమె ఒక్క క్షణం ఆగి, "మర్సిపోయినాలే," అని గ్లాసు పక్కన పెట్టింది. బస్సులో తిరిగొస్తుంటే గొంతు ఎండిపోయింది. పదకొండు ప్రశ్నలడిగిన పెద్దమనిషి ఒక గ్లాసు మజ్జిగ దగ్గర ఓడిపోయాడని, ఈ ఒక్క సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆయన వెంటనే నవ్వేవాడు కాదు.

నాలుగు నెలల తర్వాత బిడ్డను చూపించే మిషతో మళ్లీ పోయాడు. ఈసారి మంచం మీద కూర్చోగానే తానే అడిగాడు: "కృపమ్మా, మజ్జిగుందా?"

ఆమె ఆయన ముఖంలోకి చూసి, లోపలికి పోయి తెచ్చింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాడు.

ఇంటికొచ్చి తల్లికి చెప్పలేదు. ధైర్యం ఎమ్మిగనూరులోనే అయిపోయింది. కాళ్లు కడుక్కుని మెల్లగా లోపలికి పోతున్నాడు. అప్పటికి కన్యకమ్మకు మాటలు బాగా వస్తున్నాయి. అవ్వ ఒళ్లోకెక్కి మొదలుపెట్టింది.

"నాయన మజ్జి తాగె. కిపమ్మ ఇంట్లో. అంతా తాగె."

ఉమాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రంగనాయకులు నిలబడ్డచోటే నిలబడ్డాడు. తులసమ్మ మనవరాలి జుట్టు సర్దింది.

"పుల్లగా ఉన్నిందా?" అంది కొడుకు వైపు చూడకుండా.

"లేదమ్మా. కమ్మగా ఉన్నింది."

"సరే. బావికాడికి పోయి నీళ్లు పోసుకోని రా," అంది తులసమ్మ. "అన్నం చల్లారిపోతాంది."